ఇరవైకి పద్దెనిమిది

“ఇరవైకి పద్దెనిమిది వేశారా?”

మాస్టారమ్మ గొంతు పెరగలేదు. పెరగకపోవడమే ప్రమాదమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

“వేశాను,” అన్నారు మాస్టారు.

“మీ మీద పిల్లలిచ్చిన ఫిర్యాదుకి.”

“ఊఁ.”

“హెడ్మిస్ట్రెస్‌గారి గదిలో, ఆవిడ ఎదురుగా కూర్చుని, ఎర్ర పెన్నుతో.”

“కాగితం చేతికిచ్చారు. పెన్ను జేబులో ఉంది. చెయ్యి దానంతటదే...”

“వెళ్ళింది.”

“వెళ్ళింది,” అని ఒప్పుకున్నారాయన.

భోజనాలబల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒకదాని మీద ఉప్పు సీసా, రెండోదాని మీద మాస్టారి కళ్ళజోడు. ఉప్పు సీసా కింద ఉన్నది పదో తరగతి పిల్లల ఫిర్యాదు నకలు. అడుగున నలభై ఒక్క సంతకాలు. కళ్ళజోడు కింద ఉన్నది హామీపత్రం. ‘ఇకమీదట సైన్సు పాఠాలను గైడులోని వరుస ప్రకారం నోట్సు చెప్పి రాయిస్తాననీ, అనవసరమైన ప్రశ్నలతో కాలయాపన చేయననీ ఇందుమూలంగా...’ ఆ తరువాత కొంత ఖాళీ. రేపు, సోమవారం, మొదటి గంట కొట్టేలోగా ఆ ఖాళీలో మాస్టారి సంతకం పడాలి. పడకపోతే పదో తరగతిని ఆయన దగ్గర్నుంచి తీసేస్తారు.

ఇంతవరకూ మాస్టారు నిన్ననే ఇంటికొచ్చి చెప్పారు. మార్కుల సంగతి మాత్రం మింగేశారు. దాన్ని ఈ ఉదయం లెక్కల టీచరు ఫోన్ చేసి చెప్పింది. “పాపం మాస్టారు!” అంటూ ఆవిడ పడిన జాలిలో కిసుక్కుమన్న నవ్వు కూడా వినిపించింది.

ఇంతకీ ఆ అనవసరమైన ప్రశ్నలు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. మాస్టారి క్లాసులో మొదటి పది నిమిషాలు ఎవరూ పుస్తకం తెరవకూడదు. తమకు తెలియనిదేదో చీటీ మీద రాసి డబ్బాలో వెయ్యాలి. ఆయన ఒకటి తీసి చదువుతారు. జవాబు మాత్రం చెప్పరు. ఎవరైనా తెగించి “మీరే చెప్పండి సార్” అంటే, “నీకేమనిపిస్తోంది?” అంటారు. ఇరవై రెండేళ్ళుగా అదే మాట. బడిలో మొదలైన ఆ మాట ఇంట్లోకి ఎప్పుడు జొరబడిందో మాస్టారమ్మకు గుర్తులేదు. ‘వాన పడేలా ఉందా, బట్టలు తియ్యనా?’ అన్నా అదే. ‘కూరలో ఉప్పు సరిపోయిందా?’ అన్నా అదే. వీధివాళ్ళు ఆమెను మాస్టారమ్మ అంటారు గానీ, ఆమె ఏనాడూ ఎవరికీ పాఠం చెప్పి ఎరగదు. ఆ ఇంట్లో ఆమెది విద్యార్థి హోదా. అది కూడా ఫలితాలు రాని విద్యార్థి.

“ఆ రెండు మార్కులు ఎందుకు తగ్గించారో?” అందామె.

మాస్టారి మొహం వికసించింది. ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారని నిన్నటి నుంచీ ఎదురుచూస్తున్నట్టున్నారు.

“చూడు, ఎంత బాగా రాసిందో! మొదటి పేరాలో జరిగింది. రెండో పేరాలో దానివల్ల కలిగిన ఇబ్బంది. మూడో పేరాలో ఏం కావాలన్నది. ఎక్కడా ఏడుపు లేదు, తిట్లు లేవు. నేను చెప్పిన పద్ధతి చెప్పినట్టుగా... ఈ వాక్యం విను. ‘మంచు నీళ్ళ మీద ఎందుకు తేలుతుందని మాస్టారు అడిగారు. అది పదకొండు రోజులుగా తేలుతూనే ఉంది.’” ఆయన తొడ చరుచుకుని నవ్వారు. “పదకొండు రోజులుగా తేలుతూనే ఉంది!”

బల్ల ఆ చివర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న పెద్దది తల మరికాస్త వంచింది. ఆ ఇంట్లో చిన్నది లేదు. పుట్టకముందే ఈమెకు పెద్దది అని పేరు పెట్టేసుకున్నారు, తరువాత వరుసలో ఎవరూ రాలేదు. పదిహేనేళ్ళది. అదే బడి, అదే పదో తరగతి, అదే సైన్సు క్లాసు.

“‘రాసిందో’ అంటున్నారు,” అంది మాస్టారమ్మ జాగ్రత్తగా. “రాసిందెవరో మీకు తెలుసా?”

“తెలియకేం! అక్షరాలు కావాలని మార్చినా మాటతీరు దాగుతుందా? టైలరుగారి అమ్మాయి.”

మాస్టారమ్మ ఊపిరి పీల్చుకుంది. పెద్దదాని చేతిలోని కాయ రెండు ముక్కలు కాకుండా మూడయింది.

“నా దగ్గరకొచ్చిన కొత్తలో ఆ పిల్ల రెండు వాక్యాలు కలిపి మాట్లాడలేకపోయేది,” అన్నారు మాస్టారు. “ఇప్పుడు చూడు. నా ఉద్యోగానికే ఎసరు పెట్టేంత స్పష్టంగా రాసింది. సాయంత్రం వాళ్ళ షాపుకెళ్ళి మెచ్చుకుని వస్తాను.”

“హామీపత్రం తెచ్చిపెట్టిన పిల్లని మెచ్చుకుని వస్తారా?”

“అది వేరు, ఇది వేరు.”

గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్న అత్తగారు ఇక ఊరుకోలేకపోయింది. “ఒరేయ్, ఆ సంతకమేదో పారెయ్యరాదూ? పెట్టినంత మాత్రాన అందులో రాసినట్టే చెయ్యాలని ఎక్కడుంది? మీ నాన్న ఎన్నింటికి పెట్టలేదు!”

“పిల్లలకి అబద్ధం నేర్పమంటావా అమ్మా?”

“పిల్లలకి నేర్పమనలేదురా. నువ్వు నేర్చుకోమన్నాను.”

“జవాబు చెప్పేస్తే పిల్లలు రాసుకుంటారు. రాసుకున్నది పరీక్షదాకా ఉంటుంది. తమంతట తాము వెతుక్కున్నది మాత్రం జన్మంతా వెంట ఉంటుంది. ఇది నేను సంతకం పెట్టి ఎలా కాదంటాను?” అన్నారు మాస్టారు. ఆ మాట ఆయన బల్లగుద్ది చెప్పలేదు, మెల్లగానే అన్నారు. అందువల్లే మాస్టారమ్మకు ఒక్క క్షణం జాలి కలిగింది. ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. ఆ డబ్బా చీటీల కోసమే జ్వరంతో కూడా బడికొచ్చిన పిల్లలున్నారు.

“మరి రెండు మార్కులు?” అని మళ్ళీ అక్కడికే వచ్చింది. జాలి వేరు, సంగతి వేరు.

“ఒకటి ఇక్కడ పోయింది. ‘మేమందరం కోరుతున్నాం’ అట. క్లాసులో ఉన్నది నలభై ముగ్గురు. సంతకాలు నలభై ఒకటి. చూడకుండా, లెక్కపెట్టకుండా ‘అందరం’ అనేయడం సైన్సులో కుదరదు. పైగా...” ఆయన గొంతు కొద్దిగా మారింది. “పైగా మన పెద్దది సంతకం పెట్టలేదు. అందరూ పెడుతుంటే ఒక్కర్తే ఆగడమంటే మాటలా? నిన్న ఆ జాబితా చూసి... సరే, వదిలెయ్.”

ఆయన కూతురి తల నిమరబోయారు. ఆమె తల పక్కకు తప్పించుకుంది.

“లెక్కపెట్టే రాశాను,” అంది పెద్దది.

ఫ్యాను తిరుగుతోంది. ఉప్పు సీసా కింద కాగితం అంచు టపటపా కొట్టుకుంది.

“ఏమిటీ?” అన్నారు మాస్టారు.

“మార్కు తగ్గించడం తప్పు. ‘అందరం’ అన్నది లెక్కపెట్టే రాశాను. సంతకం పెట్టనివాళ్ళు ఇద్దరు. ఒకడు జ్వరంతో ఇంట్లో ఉన్నాడు, ఫోన్లో సరేనన్నాడు. రెండోదాన్ని నేను.” ఆమె చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టింది. “టైలరుగారి అమ్మాయి సంతకం ఒక్కటే పెట్టింది. అదీ నాలుగుసార్లు బతిమాలితే. నువ్వంటే దానికి దేవుడు. దాన్ని మెచ్చుకోడానికి వెళ్ళకు, ఏమీ తెలియక బిక్కమొహం వేస్తుంది.”

మాస్టారి చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. చివరికి కళ్ళజోడు మీద పెట్టారు.

అత్తగారు అంది, “అయ్యో రామ! ఇంట్లోనే ఉందిరా నీ గొప్ప విద్యార్థి.”

“నానమ్మా, నువ్వాగు.”

“నాకు చెప్పొచ్చుగా?” అన్నారు మాస్టారు. “నా కూతురివి. పక్కగదిలో ఉంటావు. నన్నొక్క మాట అడగొచ్చుగా?”

“అడిగాను.”

“ఎప్పుడు?”

“అర్ధసంవత్సరం పరీక్షలయ్యాక. ‘నాన్నా, నాకు ఫిజిక్సు వస్తుందా, రాదా? నిజం చెప్పు’ అన్నాను. నువ్వు షేవింగ్ చేసుకుంటున్నావు. అద్దంలోంచి నన్ను చూసి, ‘వస్తుందో రాదో తెలుసుకోవాలంటే ఏం చెయ్యాలి?’ అన్నావు.”

“మంచి ప్రశ్నే కదా అది?”

“మంచి ప్రశ్నే. నేను వారం రోజులు ఆ పుస్తకం ముట్టుకోలేదు. రాదని మొహం మీద చెప్పలేక అలా అన్నావనుకున్నాను.”

“నేనలా అనలేదే!”

“నువ్వు అలాగా అనలేదు, ఇలాగా అనలేదు. అదే గొడవ.”

మాస్టారు కుర్చీలో వెనక్కి జరిగారు. క్లాసులో ఎంత కష్టమైన చీటీ వచ్చినా ఆయన ఇలా వెనక్కి జరగరు. “జవాబు చెప్పేస్తే ప్రశ్న చచ్చిపోతుందమ్మా,” అన్నారు, అలవాటైన మాట పట్టుకుని.

“కొన్ని చచ్చిపోవాలి నాన్నా. చస్తేనే నేను తరువాతిదానికి వెళ్ళగలను.” పెద్దది ఆగలేదు. “డబ్బా తీసెయ్యమని రాశామా? చీటీలొద్దన్నామా? మూడో పేరా చదువు. ఈసారి దిద్దకుండా చదువు.”

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఉప్పు సీసా జరిపారు. పెదవులు కదుపుతూ చదివారు. మాస్టారమ్మకు ఆ పేరా కంఠతా వచ్చు. ‘వారానికి ఒకరోజు, ఆ వారం మేము వెతికిన ప్రశ్నలకు మాస్టారు తమకు తెలిసిన జవాబును తమ నోటితో మాకు చెప్పాలని మేమందరం కోరుతున్నాం.’ అంతే. గైడు ఊసు లేదు, నోట్సు ఊసు లేదు. ఆ రెండూ హెడ్మిస్ట్రెస్‌గారి సొంత వడ్డన.

“మార్కులు వేశారు గానీ, నిన్న చదివారా అసలు?” అంది మాస్టారమ్మ.

జవాబు రాలేదు. ఈసారి అది పద్ధతి కాదు. ఆయన దగ్గర నిజంగానే లేదు.

మాస్టారు కాగితం కింద పెట్టి, దారి తప్పినవాడు తెలిసిన సందు కోసం వెతుక్కున్నట్టు, “రెండో మార్కు మాత్రం సరిగ్గానే తగ్గించాను,” అన్నారు. “నేనెప్పుడూ చెప్తాను మీకు. ఎవరిలోనైనా తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు చెప్పండి. లేకపోతే వినేవాడి చెవులు మూసుకుపోతాయి. ఇందులో ఒక్క మంచిమాట లేదు. నలభైమందిలో ఒక్కరికీ... ఒక్క మాట కూడా తోచలేదా?”

చివరి మాట మాస్టారు అడిగింది కాదు, మనిషి అడిగింది. మాస్టారమ్మ కాఫీ గ్లాసులు తీసే నెపంతో లేచింది.

“రాశాను,” అంది పెద్దది. “మొదటి వాక్యమే అది. ‘గంట కొట్టినా లేవబుద్ధి కాని క్లాసు మాకు ఇదొక్కటే.’ అమ్మ కొట్టేసింది.”

గ్లాసులు రెండూ ఒకదానికొకటి తగిలి ఖంగుమన్నాయి.

మాస్టారు భార్యవైపు తిరిగారు. అత్తగారు కూడా తిరిగింది. కుర్చీ కిర్రుమంది.

“నీకు తెలుసా?” అన్నారాయన.

ఇప్పుడు నీళ్ళు నమలడంలో అర్థం లేదు. “తెలుసు,” అంది మాస్టారమ్మ. “నోటితో చెప్పలేకపోతే కాగితం మీద పెట్టవే అన్నది నేనే. మీకు ఉత్తరం రాస్తుందనుకున్నాను. చిత్తుప్రతి చూపించినప్పుడు తెలిసింది, ఇది ఉత్తరం కాదు, క్లాసంతా కదిలిందని. అప్పుడైనా ఆపొచ్చు. ఆపలేదు. రెండు అక్షరదోషాలు దిద్దాను. ఒక వాక్యం కొట్టేశాను.”

“ఆ ఒక్క వాక్యమే ఎందుకు?”

“అది చదివితే మీరు అక్కడే ఆగిపోతారు కాబట్టి. పొంగిపోయి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కింద ఏముందో చూడరు కాబట్టి.” ఆమె గ్లాసులు బల్ల మీద పెట్టింది. “ఇంకో కారణం కూడా ఉంది. అది ఆ పిల్లది కాదు, నాది.”

“ఏమిటది?”

“ఆరేళ్ళ కిందట లైబ్రరీలో ఉద్యోగం వచ్చింది నాకు. ఆర్డరు పట్టుకుని మీ దగ్గరకొచ్చాను. ‘చేరమంటారా?’ అన్నాను.”

మాస్టారు కళ్ళజోడు తీశారు. “‘నీకేమనిపిస్తోంది?’ అన్నాను.”

“గుర్తుందన్నమాట.”

“గుర్తుండకేం? నువ్వు చేరతానంటావని రెండు రోజులు చూశాను. నువ్వా కాగితం బీరువాలో పెట్టేశావు. నీకు ఇష్టం లేదనుకున్నాను.”

“మీకు ఇష్టం లేదనుకున్నాను నేను.”

“వద్దని నేనెప్పుడన్నాను?”

“చేరమని ఎప్పుడన్నారు?”

అత్తగారు ఏదో అనబోయి మానేసింది. ఆవిడ మాట మింగడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. ఆరేళ్ళు! ఎవరూ వద్దనని ఉద్యోగానికి ఎవరూ వెళ్ళలేదు. మాస్టారమ్మకు నవ్వొచ్చింది. నవ్వితే ఏడుపు కూడా దాని వెనకే వచ్చేలా ఉంది. అందుకని రెండూ మానుకుంది.

“పెద్దదానా,” అన్నారు మాస్టారు. గొంతు సవరించుకున్నారు. “నువ్వప్పుడు అడిగిన దానికి... ఫిజిక్సు సంగతి...”

పెద్దది కళ్ళెత్తింది. పదిహేడేళ్ళ కాపురంలో మొట్టమొదటిసారి ఆయన నోట్లోంచి ఒక జవాబు, అడుగు బయటపెట్టబోతోంది.

ఫోన్ మోగింది.

దగ్గరగా ఉన్నది మాస్టారమ్మ. తీసింది. హెడ్మిస్ట్రెస్‌గారు.

“ఆయనకి ఇవ్వనా అండీ?”

“వద్దమ్మా, నీకే చెప్తాను. ఆయనకి చెప్తే నన్నే తిరిగి ఏదో అడుగుతారు.” ఆవిడ గొంతులో వెటకారం లేదు, అలసట ఉంది. “ఆ ఫిర్యాదుని మన బడి కమిటీవాళ్ళకి చూపించాను. వాళ్ళేమంటున్నారో తెలుసా? ఇది పిల్లల రాత కానేకాదుట. మూడు పేరాలు ఆయన పద్ధతి. మాటలు ఆయనవి. దాని మీద దిద్దుబాటు ఆయనది, మార్కులు ఆయనవి. తన పిల్లలు ఎంత బాగా రాయగలరో చూపించుకోడానికి ఆయనే పిల్లల చేత రాయించి నాటకమాడారంటున్నారు. అదే నిజమైతే, బడిని మోసం చెయ్యడానికి పిల్లల చేత సంతకాలు పెట్టించినట్టు అవుతుంది. అప్పుడు పోయేది పదో తరగతి ఒక్కటే కాదు. హామీపత్రం మీద సంతకం పెట్టినా లాభం లేదు, ఉద్యోగమే ఉండదు.”

“అయ్యో, లేదండీ...”

“లేదని నాకూ అనిపిస్తోంది. అనిపిస్తే సరిపోదు. రాసిందెవరో రేపు పొద్దున్న నేను వాళ్ళకి చూపించాలి. నీకేమైనా తెలుసా అమ్మా?”

మాస్టారమ్మ గది కలయజూసింది. భర్త, అత్తగారు, కూతురు. ముగ్గురూ ఆమె మొహం మీదే చూపు నిలిపి ఉన్నారు. ‘మీకేమనిపిస్తోంది?’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదిహేడేళ్ళు పక్కన మసిలితే అంటుకోకుండా ఉంటుందా? దాన్ని వెనక్కి నెట్టింది.

“తెలుసండీ,” అంది. “రాసింది మా అమ్మాయి. దిద్దింది నేను. మార్కులు వేసింది ఆయన. రాసిందెవరో ఆయనకి ఈ పూటే తెలిసింది.”

కట్ అయిందేమోనని ఆమె ఫోన్ చెవికి మరింత నొక్కుకుంది.

“చిత్తుప్రతి ఉందా?”

“ఉంది.”

“రేపు ఎనిమిదిన్నరకి నువ్వూ, అమ్మాయీ రండి. చిత్తుప్రతి తెండి. ఎందుకు రాసిందో అమ్మాయే నోటితో చెప్పాలి, కమిటీ ముందు నిలబడి. నువ్వు పక్కన ఉండొచ్చు. మాట అందించకూడదు.” కాస్త ఆగి, “ఆయన్ని మాత్రం రావద్దను,” అందావిడ. ఫోన్ పెట్టేసింది.

“ఏమన్నారు?” అన్నారు మాస్టారు. జవాబు తెలియకుండా, జవాబు కావాలని ఆయన అడిగిన ప్రశ్న అది.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క మాట దాచలేదు, ఒక్క మాట మెత్తబరచలేదు. చెబుతున్నంతసేపూ మనసులో ఏదో తేలికగా ఉంది. ఇంత సులువా ఇది, తిన్నగా చెప్పడం? ఇన్నాళ్ళూ ఈయన దీన్నో బ్రహ్మవిద్యలా దాచుకున్నాడే!

చెప్పడం ముగించి కూతురివైపు చూసింది. మెచ్చుకుంటుందనుకుంది.

పెద్దదాని మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఆరుగురు కూర్చుంటారు ఆ కమిటీలో,” అంది. “వాళ్ళ ముందు నిలబడి నాన్న గురించి నేను చెప్పాలి. నాన్న లేకుండా.”

“నేనుంటానుగా పక్కన.”

“సంతకాల్లో నా పేరు ఎందుకు లేదనుకున్నావు అమ్మా? మర్చిపోయాననుకున్నావా? నాన్న మీద ఫిర్యాదులో నా పేరు బయటికి రాకూడదనే.” ఆమె లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. ఎవరూ దాన్ని ఎత్తలేదు. “నాన్న అన్నీ అడుగుతాడు, ఏదీ చెప్పడు. నువ్వు అంతా చెప్పేశావు. చెప్పేముందు నన్నొక్క మాట అడిగావా?”

మాస్టారమ్మ నోరు తెరిచింది. అడగలేదు. ఆ సంగతి ఆమెకు తోచనే లేదు.

“నేను రేపు రాను,” అంది పెద్దది.

లోపలి గది తలుపు మూసుకుంది. గడియ పడింది. మాస్టారు, మాస్టారమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెళ్ళి తలుపు కొట్టడానికి ఇద్దరిలో ఎవరూ కదల్లేదు.